సున్నా కుట్టు

ముందుమాట

కుట్టుశాలలో ప్రతి మనిషీ తన పని తనే నమోదు చేసుకోవాలి. ఏ గుడ్డ, ఏ దారం, ఎక్కడ మొదలు, ఎక్కడ ముడి. ఎండాకాలం అయ్యాక అదంతా శుద్ధప్రతి రాసి సిస్టర్ ఫిడేలిస్‌కు ఇవ్వాలి.

ఈసారి శుద్ధప్రతి ఇవ్వను. కొట్టివేతలతో, నూనె మరకలతో, ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాను. చదవడం ఇష్టం లేకపోతే మానేయండి. తిరిగి రాయమని మాత్రం అడగవద్దు.

లూర్దు మేరీ
పడమటి మాసిక

భరణి కార్తె, మంగళవారం

ఊరంతటికీ ఎండ ఆపే పందిరి పడమటి పేట మీద చిరిగింది. గిలక విరిగి, తాడు గుడ్డను లాక్కుపోయిందని రాటలెక్కే ఏసోబు అన్న చెప్పాడు. చిరుగు ఒక ఇంటి పెరడంత ఉంది. దాని కింద ఇప్పటికే ఎవరూ చెప్పులు లేకుండా నడవడం లేదు. మాసిక కుట్టే పని నాకు ఇచ్చారు. రోహిణి కార్తెలోపు అది పైకెక్కాలి.

పందిరికి వేసే నీడగుడ్డ మగ్గం మీద బారెడు వెడల్పే వస్తుంది. పట్టీకి పట్టీ కలిపి కుడతాం. ఒక కలుపు అయిపోగానే పరీక్షించే యంత్రం కింద పెడతాం, దాని పేరు కన్ను. కన్ను గుడ్డ మీదుగా జరుగుతూ తప్పులు లెక్కపెట్టి పైకి చెబుతుంది. సున్నా అంటే సరే. ఒక్కటి అన్నా, కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదటి నుంచి.

ఈ రోజు మొదటి కలుపు పూర్తి చేశాను. కన్ను సున్నా అంది.

విప్పాను. నడుమ కొంచెం అవతల ఒక కుట్టు పక్కకు వాలింది. కన్ను చూడలేదు. నేను చూశాను.

నా పక్క పీట షేకున్‌బీది. ఆమె కలుపులకు ఏ రోజూ ఐదారు తప్పులకు తక్కువ రావు.

“అది సున్నా అంటే నువ్వు కాదంటన్నావా?” అంది. “కన్నుకే కన్ను అయిపోయావు గదే. ఇంక దాన్ని పీకేసి నిన్ను అక్కడ తగిలిస్తే సరిపోద్ది.”

నేను నవ్వలేదు. నోట్లో దారం ఉంది.

ఈ పేజీ మూడుసార్లు రాశాను. ఇది మూడోది.

భరణి కార్తె, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక రోజమ్మ పిన్నిని చూడటానికి పడమటి పేట వెళ్ళాను. పిన్ని మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను కాన్వెంటులో చేర్పించింది ఆమే. సందు మలుపులో ఆమె అట్ల కొట్టు. చిరుగు సరిగ్గా ఆ సందు మీదే.

చిరుగులోంచి పడే ఎండకు పేటవాళ్ళు పేరు పెట్టేశారు. దొరగారు. ఉదయం కుళాయి దగ్గర మొదలై, మధ్యాహ్నానికి పిన్ని కొట్టు మీదికి వచ్చి, సాయంత్రం చర్చి గోడెక్కి పోతారు. నేను వెళ్ళినప్పుడు బల్ల మీద నలుగురు తింటున్నారు.

“దొరగారు వేంచేస్తన్నారు, లేవండయ్యా లేవండి” అని పిన్ని కేక వేసింది. నలుగురూ చేతిలో ఆకులతోనే లేచారు. బల్లను ఎత్తి అవతల గోడకు వేసి మళ్ళీ కూర్చున్నారు. పొయ్యికి మాత్రం కాళ్ళు లేవు. పిన్ని నెత్తి మీద తడి గోనెపట్టా వేసుకుని అక్కడే నిలబడి అట్లు తిప్పింది.

“గుడ్డ ఎప్పుడే?”

“రెండు మూడు రోజుల్లో, పిన్నీ.”

“మొన్న కబురు పంపితేనూ అదే అన్నావు. కూచో, అట్టు తిను.”

“వద్దు. వేళ్ళకు నూనె అంటుతుంది. గుడ్డకు మరక పడుతుంది.”

“చెయ్యి కడుక్కుంటే పోద్ది.”

“పూర్తిగా పోదు.”

పిన్ని అట్లకాడ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. వేలి కొసలు చూసింది. అట్టు చుట్టి తనే నా నోట్లో పెట్టింది, చిన్నపిల్లకు పెట్టినట్టు. నలుగురి ముందు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కానీ మింగాను. ఎన్నాళ్ళకో వేడివేడిగా తిన్నాను.

ఆమె మోచేతి దగ్గర చర్మం కమిలి ఉంది. పెనం తగిలిందా అని అడిగాను. “దొరగారు తగిలారు” అంది.

భరణి కార్తె, గురువారం

రెండో కలుపు. సున్నా. విప్పలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారాక విప్పాను. అప్పుడు మనసు కుదుటపడింది, భోజనం గంట దాకా.

వేలి కొసలకు స్పర్శ తగ్గింది. దువ్వెనకు జుట్టు చాలా వస్తోంది. ఇవి పని నమోదులో రాయకూడదేమో. రాశాను కాబట్టి ఉండనీ.

ఇంకొకటి. జపమాల చెప్పడం కుదరడం లేదు. మంగళవార్త జపం సగంలో ఉండగా మనసు గుడ్డ మీదికి పోతుంది. అలా పోతే ఆ జపం లెక్కలోకి రాదనిపిస్తుంది. మొదటి నుంచి చెబుతాను. మళ్ళీ పోతుంది. మళ్ళీ మొదటి నుంచి. ఈ కార్తె మొదలైనప్పటి నుంచి ఒక్క జపమాల కూడా పూర్తి కాలేదు. మొదటి పూస దగ్గరే ఉన్నాను.

చిన్నప్పుడు నాకు కుట్టు నేర్పింది సిస్టర్ ఫిడేలిసే. రుమాలు మీద మల్లెమొగ్గ కుట్టి చూపిస్తే, ఆవిడ మొగ్గను చూసేవారు కాదు. రుమాలు తిప్పి వెనకవైపు చూసేవారు. “దేవుడికి వెనకవైపూ కనిపిస్తుంది, లూర్దు” అనేవారు. నేను తరగతిలో అందరికంటే తక్కువ మాట్లాడేదాన్ని. నా రుమాలు వెనకవైపు అందరికంటే శుభ్రంగా ఉండేది. నాకున్న గొప్ప అదొక్కటే.

కృత్తిక కార్తె, సోమవారం

కొత్తగా చేరిన అమ్మాయిలను సిస్టర్ నా పీట దగ్గరికి తీసుకొచ్చారు. నా కలుపును వెలుతురుకు పట్టి చూపించారు. “దీన్ని మనం లూర్దు కుట్టు అంటాం. ఇంత సన్నం, ఇంత దగ్గర. కుట్టు ఉన్నట్టే తెలియదు. ఇక్కడి నుంచి మీరూ ఇలాగే.”

సంతోషించాలి. కానీ ఆ కలుపులో ఒకచోట దారం మెలిక ఉంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి విప్పాను.

మధ్యాహ్నం ఏసోబు అన్న వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి టోపీ తీశాడు.

“సిస్టరుగారూ, కృత్తిక సగమైంది. తరవాత రోహిణి.”

“తెలుసు, ఏసోబు.”

“రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మనుషుల సంగతి చెప్పక్కర్లేదు.”

“తప్పుతో ఉన్న గుడ్డ పైకి పోదు. పెద్ద చిరుగు సంగతి నీకు నేను చెప్పాలా?”

ఏసోబు అన్న తల వంచుకున్నాడు. పెద్ద చిరుగు మాట వస్తే ఊళ్ళో అందరూ అంతే. ఒక్క వదులు కుట్టు దగ్గర మొదలై సగం పందిరి ఒక్క మధ్యాహ్నం కూలిందట. కన్ను అప్పుడు వచ్చింది. సున్నా అప్పుడు వచ్చింది.

వెళ్తూ నా పీట దగ్గర ఆగాడు. “పెళ్ళిపందిరికైనా ముహూర్తం ఉంటది అమ్మాయ్. నీ పందిరికి లేదా?”

“అవుతుంది అన్నా.”

“ఎన్ని కలుపులు అయ్యాయి?”

లెక్క చూసుకున్నాను. ఒక్కటీ కాలేదు. నాలుగు కుట్టాను, నాలుగూ విప్పాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

కృత్తిక కార్తె, శుక్రవారం

గుడ్డ మీద ఎర్రటి చుక్క కనబడింది. దాని పక్కన ఇంకొకటి. కళ్ళు మసకబారాయనుకుని దీపం దగ్గరికి జరిగాను. నా ఎడమ చూపుడువేలిని కూడా గుడ్డతో కలిపి కుట్టేశాను. సూది ఇటు దిగి అటు వచ్చింది. నాకు తెలియలేదు.

షేకున్‌బీ కెవ్వుమంది. సూది తీసి, వేలు తన కొంగుకు అదిమింది.

“ఉప్పు నీళ్ళు తే” అన్నాను.

“కడుగుతా ఉండు.”

“వేలికి కాదు. గుడ్డకు. నెత్తురు ఆరితే మరక పోదు.”

ఆమె నా ముఖం వైపు చూసింది. కొంగు చింపి కట్టు కట్టింది. అడ్డదిడ్డంగా కట్టింది. దాన్ని విప్పి తిన్నగా కట్టుకోవాలని నా కుడిచెయ్యి రెండుసార్లు వెళ్ళింది. అప్పుడు భయమేసింది. వేలిని చూసి కాదు. ఆ కుడిచేతిని చూసి.

కట్టు అలాగే ఉంది.

కృత్తిక కార్తె, ఆదివారం

పిన్ని నన్ను చూడగానే, “దొరగారికి తోక మొలిచింది, చూడు” అంది.

నిజమే. సందు నేల మీద ఎండ చాపలా పడుతోంది. దాని చివర నుంచి తిన్నగా ఒక గీత. గీత కూడా కాదు. చుక్కలు. ముగ్గు వేసేముందు పెట్టే చుక్కల్లాగా, ఒకదాని పక్కన ఒకటి, చాలా దగ్గరగా, ఎక్కడా వంకర లేకుండా. సందు చివరి దాకా.

“పోయిన ఆదివారం ఆ కుళాయి దాకే” అంది పిన్ని. “రోజూ కాస్త సాగతంది. ముందు చుక్కలు. తరవాత ఆ చుక్కలు కలిసిపోయి చీలిక. అంత తిన్నగా చిరిగే గుడ్డను నేను ఎక్కడా చూళ్ళేదు.”

నేను పైకి చూశాను. కళ్ళు చికిలించి చూశాను. పైన ఉన్నది నిరుటి నా కుట్టు. సున్నా వచ్చిన కుట్టు. నాకు నచ్చక, సున్నా తరవాత కూడా ఎన్నోసార్లు విప్పి కుట్టిన కుట్టు.

విప్పిన ప్రతిసారీ దారం వస్తుంది. రంధ్రం మిగులుతుంది.

కృత్తిక కార్తె, సోమవారం

భోజనాల వేళ కుట్టుశాలలో ఎవరూ లేరు. షేకున్‌బీని ఉండమన్నాను. నా కొత్త కలుపు ఇచ్చాను. మొన్ననే సున్నా వచ్చింది.

“ఆ చివర పట్టుకో. లాగు.”

“నీకు పిచ్చా? చిరిగితే?”

“చిరగాలనే.”

ఇద్దరం లాగాం. పెద్దగా బలం కూడా అక్కర్లేకపోయింది. బస్సు టికెట్టు చింపినట్టు, కుట్టు వెంబడే, ఈ కొస నుంచి ఆ కొసకు చిరిగిపోయింది. శబ్దం కూడా సన్నగా, తీరుగా వచ్చింది.

తరవాత ఆమె కలుపు తీసుకున్నాం. ఆరు తప్పులది, విప్పడానికి పక్కన పడేసింది. లాగాం. కాళ్ళు తన్నిపెట్టి లాగాం. షేకున్‌బీ వెనక్కి పడింది. కలుపు అలాగే ఉంది.

నేల మీద కూర్చునే చాలాసేపు నవ్వింది. “అల్లా! నా బద్ధకమే నా పుణ్యం అయిందే” అంది. తరవాత నన్ను చూసి నవ్వు ఆపింది. “లూర్దూ, ఏడవమాక.”

ఏడవడం లేదని చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

నీడగుడ్డకు కుట్టే దారం కంటే నేతలోని పోగే బలం. పోగును ఎంత తక్కువ పొడిస్తే అంత నిలుస్తుంది. ఇది ఎక్కడా చదవలేదు. ఎవరూ చెప్పలేదు. చేతులతో లాగి తెలుసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

చిరిగిన కలుపు తీసుకుని సిస్టర్ గదికి వెళ్ళాను. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. గదిలోకి వెళ్ళేముందు చెప్పాల్సిన మాటలు మనసులో వరసగా పెట్టుకున్నాను. తలుపు తీయగానే వరస పోయింది.

గుడ్డ బల్ల మీద పెట్టి, “సన్నం కుట్టు చింపేస్తోంది, సిస్టర్” అన్నాను.

ఆవిడ గుడ్డ చూశారు. అలవాటుగా తిప్పి వెనకవైపు కూడా చూశారు.

“చేతులతో లాగి చింపావా?”

“గాలి ఇంతకంటే గట్టిగా లాగుతుంది.”

“పెద్ద చిరుగు రోజు నేను పైన రాట మీద ఉన్నాను. నీ అంత ఉంటాను. కాళ్ళ కింద గుడ్డ పోవడం చూశాను, లూర్దు. ఒక్క వదులు కుట్టు.”

“ఆ కుట్టును మీరు చూశారా?”

ఆవిడ గుడ్డను మళ్ళీ ముందువైపుకు తిప్పారు. కొంచెం అవతల కుట్టుశాలలో పీటలు సర్దుతున్న చప్పుడు.

“అందరూ అన్నారు” అన్నారు చివరికి. చిరిగిన అంచులు రెండూ దగ్గరికి చేర్చి పట్టుకున్నారు. “ఏదో ఒక కారణం ఉండాలి కదా. కారణం తెలిస్తే మళ్ళీ జరగకుండా చూసుకోవచ్చు. అప్పటి నుంచీ చూసుకుంటున్నాం. వెళ్ళు. మూడో పట్టీకి రెండు తప్పులు వచ్చాయి. విప్పి కుట్టు.”

“సరే, సిస్టర్” అన్నాను.

వెళ్ళి విప్పాను. కుట్టాను కూడా. తెలిసీ కుట్టాను. “సరే సిస్టర్” అనడం నాకు ఎంత నున్నగా వచ్చో. ఆ మాటలో ఒక్క తప్పూ ఉండదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

ఎండగా ఉంది. దారం చేతిలో తడిసిపోతోంది. నాలుగో పట్టీ విప్పుతున్నాను.

ఏసోబు అన్న పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. టోపీ కూడా తియ్యలేదు.

“రోజమ్మ పడిపోయింది. పొయ్యి దగ్గరే. వడదెబ్బ. రా.”

“ఈ వరస అయిపోగానే వస్తా అన్నా” అన్నాను.

అన్నాను. నా నోటితో. పైన రాసింది కొట్టేద్దామని కలం పెట్టాను. కొట్టెయ్యడం లేదు.

ఏసోబు అన్న నన్ను తిట్టలేదు. “ఏ వరస?” అన్నాడు. అంతే. నిజంగా అర్థం కాక అడిగాడు.

నా చేతిలోకి చూసుకున్నాను. నేను కుట్టడం లేదు. విప్పుతున్నాను. పిన్ని నేల మీద పడి ఉంటే, కుట్లు విప్పే వరస పూర్తి చేసి వస్తానన్నాను.

కత్తెర కింద పడింది. ఎప్పుడు లేచానో తెలియదు. తలుపు దాటి రెండడుగులు వేశాక వెనక్కి వచ్చాను. పట్టీలన్నీ చుట్టి చంకలో పెట్టుకున్నాను. కుట్టినవి, విప్పినవి, అన్నీ. సిస్టర్ మెట్ల మీద ఎదురయ్యారు.

“గుడ్డ ఎక్కడికి?”

జీవితంలో మొదటిసారి ఒక సిస్టరుకు జవాబు చెప్పకుండా వెళ్ళాను.

అదే రోజు, పడమటి పేట

పిన్నిని గోడ నీడకు లాగి పడుకోబెట్టారు. కింద ఆమె బొంత. చేతిలో ఉల్లిపాయ పెట్టారు. నుదుటి మీద తడిగుడ్డ. ఇద్దరు ఆడవాళ్ళు తాటాకు విసనకర్రలతో విసురుతున్నారు. ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. పిలిస్తే పలకలేదు. చెంచాతో మజ్జిగ పోస్తే సగం పెదవి చివర నుంచి కారింది.

నేను పక్కన కూర్చున్నాను. చేసేందుకేమీ లేదు. బొంత అంచు పట్టుకున్నాను. చిన్నప్పుడు నేను ఆ బొంత మీదే పడుకున్నాను. పాత చీరలు నాలుగు పొరలు వేసి, పెద్ద సూదితో, పెద్ద పెద్ద కుట్లు. ఒకటి ఇటు వాలింది, ఒకటి అటు. వేలు దూరేంత ఎడం ఉంది కుట్టుకూ కుట్టుకూ. ఎన్ని వందలసార్లు ఉతికి బండకేసి బాదారో. ఒక్క కుట్టూ తిన్నగా లేదు. ఒక్క కుట్టూ ఊడలేదు.

చాలాసేపటికి పిన్ని కళ్ళు తెరిచింది. నన్ను, నా చంకలో గుడ్డను చూసింది.

“తెచ్చావా?” అంది. గొంతు గరగరలాడింది. “ఎన్నాళ్ళే తల్లీ. బొంత కుట్టినట్టు కుట్టి పారేస్తే పోయేదిగా.”

“దబ్బనం ఎవరి దగ్గర ఉంది?” అని అడిగాను. గట్టిగానే అడిగినట్టున్నాను. సందంతా తిరిగి చూసింది.

రోహిణి కార్తె, రెండో రోజు

చర్చి వరండాలో పట్టీలు పరిచాం. పేట ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు, బొంత కుట్టేటప్పుడు కూర్చున్నట్టే. బియ్యం బస్తాలు కుట్టే దబ్బనాలు వచ్చాయి. గోనెదారం వచ్చింది. షేకున్‌బీ సెలవు అడగకుండా వచ్చింది. “సెలవు అడిగితే దరఖాస్తు రాయాలి. నా దరఖాస్తులో ఆరు తప్పులుంటాయి” అంది.

రంధ్రాలు పడ్డ అంచులన్నీ లోపలికి మడిచేశాం. మడత మీద ఎడం ఎడంగా కుట్టాం. అలా మడిస్తే మాసిక చిన్నదైపోతుందని నాకు తెలుసు. ఒక పక్క జానెడు సందు మిగులుతుంది. మిగలనీ అన్నాను.

ఒకామె కుట్లు పీతకాళ్ళలా ఉన్నాయి. నా చెయ్యి అటు వెళ్ళింది. ఆమె నా వైపు చూసింది. “బాలేదా?” అంది.

“గట్టిగా ఉంది” అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది తేలిగ్గా రాలేదు. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన పని అదే. దాన్ని ఏ కన్నూ లెక్కపెట్టదు.

మధ్యలో అట్లు వచ్చాయి. పిన్ని లేవలేదు, పక్కింటి వాళ్ళు పోశారు. అందరం తిన్నాం. నూనె చేతులతోనే మళ్ళీ దబ్బనం పట్టాం. గుడ్డ మీద నా వేళ్ళ గుర్తులున్నాయి. ఈ పేజీ మీద కూడా ఉన్నాయి.

దొరగారు కొట్టు దగ్గరికి వచ్చే వేళకు ఏసోబు అన్న మనుషులు తాళ్ళు కట్టారు. అప్పుడే సిస్టర్ ఫిడేలిస్ వచ్చారు. చేతికన్ను, అంటే చేత్తో జరిపే చిన్న కన్ను, పట్టుకుని, గొడుగు లేకుండా, ఎండలో నడుచుకుంటూ.

“ఆపు, ఏసోబు” అన్నారు.

ఏసోబు అన్న తాడు పట్టుకునే నిలబడ్డాడు. సిస్టర్ గుడ్డ మీద చేతికన్ను ఆనించి నెమ్మదిగా జరిపారు. అది కాసేపు లెక్కపెట్టింది. తరవాత, “లెక్క దాటింది” అంది. మళ్ళీ జరిపారు. “లెక్క దాటింది. లెక్క దాటింది.”

“దానికీ వడదెబ్బ తగిలింది” అని షేకున్‌బీ గొణిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

సిస్టర్ నవ్వలేదు. ఆవిడ నన్నే చూస్తున్నారు. “విప్పు, లూర్దు.”

చెప్పాల్సిన మాటలు ఈసారి వరసగా పెట్టుకోలేదు.

“లాగి చూడండి, సిస్టర్.”

“విప్పు అన్నాను.”

“మీరు ఆ కొస పట్టుకోండి. నేను ఈ కొస పట్టుకుంటాను. చిరిగితే విప్పుతాను.”

ఆవిడ కదల్లేదు. ఎండ ఆవిడ భుజాల మీద ఉంది. తరవాత చేతికన్నును షేకున్‌బీ చేతికి ఇచ్చి, వంగి, గుడ్డ కొస పట్టుకున్నారు. ఆవిడ వేలి కొసలను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నా వేళ్ళలాగే ఉన్నాయి. నున్నగా, గట్టిగా, ఏమీ తెలియకుండా.

లాగారు. నేనూ లాగాను. ఆవిడకు బలం ఉంది. రాట మీద నిలబడ్డ మనిషి. కలుపు కిర్రుమంది. దారం బిగిసింది. గుడ్డ నిలిచింది.

ఆవిడ ఇంకా లాగుతూనే ఉన్నారు. “చాలు, సిస్టర్” అన్నాను. వినిపించలేదు. దగ్గరికి వెళ్ళి చేతుల్లోంచి కొస తీసుకోవాల్సి వచ్చింది.

ఏసోబు అన్న ఎవరి మాట కోసమూ ఆగలేదు. తాడు లాగాడు. మాసిక ముడతలు ముడతలుగా పైకి లేచింది. నీడ ముందు కుళాయి మీద పడింది, తరవాత బల్ల మీద, తరవాత ఆవిడ తెల్లటి బట్టల మీద.

రోహిణి కార్తె, చివరి వారం

మూడు రోజులు వడగాలి వీచింది. ఎవరూ బయటికి రాలేదు. నేను పిన్ని ఇంట్లోనే ఉన్నాను. పైన గుడ్డ తెరచాపలా కొట్టుకుంటుంటే వింటూ పడుకున్నాం. ప్రతి చప్పుడుకూ లేచి చూశాను. మాసిక నిలిచింది. నిరుటి నా కుట్టు మీద కూడా గాలికి ముందే ఏసోబు అన్న మడతపట్టీ వేసి కుట్టించాడు. అదీ నిలిచింది.

జపమాల చెప్పాను. మధ్యలో మనసు గుడ్డ మీదికి పోయింది, చట్నీ మీదికి పోయింది, ఇంకెక్కడికో పోయింది. పోనిచ్చాను. చివరి పూస దాకా వెళ్ళాను.

మృగశిర కార్తె, మంగళవారం

పిన్ని మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడింది. మిగిలిపోయిన జానెడు సందులోంచి సన్నటి ఎండ మధ్యాహ్నం ఆమె పెనం మీదుగా పోతుంది. “దొరగారి చిటికెనవేలు” అంటోంది. నిన్న రాత్రి చినుకులు పడితే ఒక ముడతలో నీళ్ళు నిలిచి, బల్ల మీద కారింది. గిన్నె పెట్టాం.

ఈ ఉదయం కుట్టుశాల నుంచి కబురు వచ్చింది. సిస్టర్ ఫిడేలిస్ సంతకం ఉంది. అక్షరాలు ఎప్పటిలా తీరుగా లేవు. వానలు తగ్గాక పడమటి మాసిక కిందికి దించి, కుట్లు విప్పి, నియమం ప్రకారం తిరిగి కుట్టాలని పైవాళ్ళు అన్నారట. నా అభిప్రాయం నమోదులో రాయమన్నారు. కింద ఒక మూల, వేరే సిరాతో, చిన్నగా ఇంకో మాట ఉంది: నిజమే రాయి.

రాస్తున్నాను.

మాసికలో తప్పులు ఉన్నాయి. ఎన్నో కన్నుకే తెలియదు. ఒక పక్క పొట్టి. ఒకచోట కారుతుంది. దాని కింద మనుషులు కూర్చుని అట్లు తింటున్నారు. నా వేలికి స్పర్శ వస్తోంది, నిన్న పెనం తగిలితే చురుక్కుమంది. షేకున్‌బీ కట్టిన కట్టు ఊడే దాకా అలాగే ఉంచాను.

విప్పను.